కంద : నామరూపవినియోగ విచారము

ఆంధ్రదేశమునఁ గంద నెఱుఁగని గృహస్థుఁ డుండఁడు. గోదావరీ కృష్ణా తీరములయందు నిది పెండ్లివిందులలోను పితృకార్యములలోను వడ్డింపఁబడు శాకము. వైద్యులకు అర్శోరోగమునకు మందు. శ్రావణమాసాంతమునఁ దల్లులు పూజించు దేవత. సామెతలలో దురదకు నిలయము. ఇట్లు వంటయింటను, వైద్యగ్రంథములందును, పూజాపీఠమునందును, లోకోక్తియందును స్థానము గల మొక్కలు మిక్కిలి తక్కువ. అయినను ఈ మొక్క పూచుననియు, ఆ పువ్వు కుళ్లిన మాంసమువలె దుర్గంధమును వ్యాపింపఁజేయుననియు నెఱిఁగినవారు అరుదు. తరతరములుగాఁ దినుచున్న దుంపయొక్క పువ్వు తినువారికే తెలియకుండుటకుఁ గారణ మేమి? ఈ ప్రశ్నకు సమాధానము మొక్కయొక్క జీవితక్రమమునందే కలదు. ఆ క్రమము నెఱిఁగినఁ గాని కందనుగూర్చిన పేరులును, ఆచారములును, శాస్త్రవాక్యములును సరిగా నన్వయింపవు.

నామవిచారము

సంస్కృతమున కందశబ్దము సామాన్యవాచకము. భూమిలోఁ బెరిగి కండపట్టిన దుంప యేదైనను కందమే. కందమూలఫలము లనుచోట ఈ సామాన్యార్థమే గ్రాహ్యము. అమరసింహుఁడు వనౌషధివర్గమున అర్శోఘ్నము, సూరణము, కందము అను మూఁడు పేరులను ఏకార్థకములుగాఁ జెప్పియుండుటచేత, ఆ సామాన్యశబ్దము నాఁటికే యొక ప్రత్యేకమైన దుంపయందు రూఢమైనదని తెలియుచున్నది. పదునాఱవ శతాబ్దినాఁటి భావప్రకాశమున వీనికిఁ దోడుగా ఓల, కందల శబ్దములు చేరినవి. కండూలమను పేరును నిఘంటువులలోఁ గలదు. వీనిలో కందము దుంపను బట్టియు, అర్శోఘ్నము గుణమును బట్టియు, కండూలము దురదను బట్టియు వచ్చినవి. పువ్వునుబట్టి వచ్చినది వీనిలో నొక్కటియు లేదు. ఈ విషయము మున్ముందు ఉపకరించును.

దేశభాషలు ఈ పర్యాయపదములను దమలోఁ బంచుకొన్నట్లు కానవచ్చును. మహారాష్ట్రులును గూర్జరులును సూరణ్ అని వ్యవహరింతురు. వంగదేశమున ఓల్ అనియు, ఉత్కలమున ఓలుఅ అనియు పేరు. ఉత్తరహిందూస్థానమున సూరన్ అనుటయే కాక, భూమియను నర్థముగల పారసీకపదమును గందమునకు ముందు చేర్చి జిమీకంద్ అనియు నందురు. కన్నడమున సువర్ణగడ్డె, అఱవమున సేనైక్కిళంగు, కరుణైక్కిళంగు, మలయాళమున చేన యని పేరులు. తెలుఁగువారు మాత్రము విశేషణమేమియుఁ జేర్పక, కందశబ్దమునే అజంతముగాఁ జేసి దీనికొక్కదానికే యిచ్చిరి. ఇతరములైన దుంపలకుఁ జేమదుంప, పెండలము, చిలగడదుంప యని వేఱువేఱు పేరులు గలవు. విశేషణము లేక కంద యన్నంతనే కోస్తా తెలుఁగువారికిఁ దోఁచునది సూరణమే.

ఇచ్చట నొక జాగరూకత యావశ్యకము. తెలంగాణమున కందగడ్డ యనఁగా చిలగడదుంప. శివరాత్రినాఁ డుపవాసులు ఉడికించి తినునది యదియే. అది తీఁగజాతి, దానికిని సూరణమునకును కుటుంబసంబంధమేమియు లేదు. పైఁగా అది అమెరికాఖండమునందుఁ బుట్టి, ఐరోపావారి నౌకాయాత్రల పిదప ఈ దేశమునకు వచ్చినది. కావున పదునాఱవ శతాబ్దికిఁ బూర్వపు గ్రంథములలోని కందకుఁ జిలగడదుంప యని యర్థము వ్రాయుట కాలవిరుద్ధము. పాఠశాలలలో వ్యాఖ్యానము చెప్పునపుడు కందశబ్దమునకు సామాన్యమైన దుంప, సూరణము, ప్రాంతీయముగాఁ జిలగడదుంప యను మూఁడర్థములను విడఁదీసి చెప్పవలసియున్నది. కందపద్యముతో నీ శబ్దమునకు సంబంధము లేదు. ఆ కందము స్కంధకశబ్దముయొక్క ప్రాకృతరూపమునుండి వచ్చినది.

మొక్క స్వరూపము

లోకమున కందదుంపను వేరుగా భావించుట కలదు. కాని ఉద్భిజ్జశాస్త్రమును బట్టి యది వేరు గాదు, భూమిలోనే యుండి యుబ్బిన కాండము. చేమ దీనికి జ్ఞాతి. రెండును ఒకే కుటుంబమునకుఁ జేరినవి. దుంపయొక్క పైభాగమున నడుమ నొక పల్లమును, అందొక మొలకయు నుండును. వేళ్లు అడుగునుండి గాక ఆ మొలకచుట్టును బుట్టి ప్రక్కలకు వ్యాపించును. దుంపయొక్క బొడిపెలతోఁగూడిన గుండ్రనియాకారమును జూచియే ఆంగ్లేయులు దానికి ఏనుఁగుపాదమను పేరు పెట్టిరి.

తొలకరితో మొలకనుండి సాధారణముగా నొక్కటే యాకు వెడలును. మనుష్యుని నడుమువఱకు నో, అంతకు మించియో పెరిగి, పాలిపోయిన మచ్చలతోఁ బాముచర్మమును దలఁపించు నిలువుకాడను జూచి దానినే కాండ మనుకొందురు. అది ఆకుకాడ మాత్రమే. దాని కొనయందు మూఁడుగాఁ జీలి, ఆ చీలికలు మఱల మఱలఁ జీలి, గొడుగువలె విప్పుకొనినదంతయు నొక్క పత్రము. వర్షాకాలమంతయు ఆ పత్రము సమకూర్చిన యాహారము దుంపకుఁ జేరును. చేరుచుండఁగాఁ బాతదుంప కృశించి నశించును; దాని స్థానమున దానికంటెఁ బెద్దదియగు క్రొత్తదుంప యేర్పడును. ప్రక్కలఁ బుట్టు చిన్నగడ్డలకుఁ బిలకలని పేరు. శీతకాలమున ఆకు పండి నేలఁ బడును. మఱల తొలకరివఱకు దుంప నిద్రించును. తల్లి క్షయించి బిడ్డ వర్ధిల్లుట ఏఁటేఁట భూమిలోఁ జరుగుచుండును.

పువ్వు – దాని దుర్గంధము

దుంప కొన్నియేండ్లు భూమిలో నిలిచి బలిసినపిదప, వేసవి చివర, ఆకు పుట్టుటకు ముందుగాఁ బువ్వు వెలువడును. పువ్వని లోకము చెప్పునది నిజమునకు పూగుత్తి. చుట్టును గంటయాకారము గల పెద్దదొప్ప. దాని వెలుపలిభాగము మచ్చలతోఁ గూడిన పాలిపోయిన వన్నె గలది, లోపలిభాగము ముదురు ఊదావన్నె గలది. నడుమ నొక కండె. కండె యడుగున స్త్రీపుష్పములు, వానిపైఁ బురుషపుష్పములు, అన్నింటికిఁ బైని ముడుతలు పడిన ఊదావన్నె ముద్ద. పూచిననాఁటి సాయంకాలము మొదలు ఆ ముద్ద చుట్టునుండు గాలికంటె వేఁడెక్కును. ఆ వేఁడిమితో గంధకసంబంధములైన ద్రవ్యములు గాలిలోఁ గలియును. అదియే కళేబరపు కంపువంటి దుర్గంధము.

పుష్పమునకు సుగంధమే స్వభావమని తలఁచువారికిది వికృతముగాఁ దోఁచును. మల్లె తేనెకై వచ్చు పురుగుల నాకర్షించును. కంద కుళ్లును వెదకికొనుచుఁ దిరుగు పెంకుపురుగుల నాకర్షించును. వాసన వేఱు, ప్రయోజన మొక్కటే. మొదటి రాత్రి స్త్రీపుష్పములే పక్వములై యుండును. వేఱొక కందపువ్వునుండి పుప్పొడితో వచ్చిన పురుగులు దొప్పయడుగునఁ జేరి దానిని వానికంటించును. తరువాతఁ బురుషపుష్పములు పుప్పొడిని విడుచును. అందు నిలిచియున్న పురుగులు దానితోఁ గప్పఁబడి మఱియొక పువ్వును వెదకికొనుచుఁ బోవును. ఇట్లు తనపుప్పొడి తనకే యంటకుండఁ గాలభేద మేర్పడియున్నది. కార్యము తీఱినపిదప దుర్గంధము తగ్గి, దొప్ప వాడును. ఫలించినచో కండె పొడుగై, దానిచుట్టును పండ్లు గుత్తులుగట్టి, పక్వమై యెఱ్ఱనగును.

ఈ జాతిలోనిదే సుమాత్రాద్వీపమునందలి మహాపుష్పము. ఇటలీదేశీయుఁడగు ఒడోఆర్డో బెక్కారి 1878లో దానిని గనుఁగొని విత్తనములను స్వదేశమునకుఁ బంపెను. వానినుండి పెరిగిన మొక్క 1889లో లండనునొద్ద క్యూ ఉద్యానమునఁ బూచినపుడు చూడవచ్చినవారికి లెక్కలేదు. దాని పూగుత్తి మూఁడు మీటరుల యెత్తువఱకుఁ బెరుగఁగలదు. లోకమంతయు వింతగాఁ జూచు ఆ పుష్పమునకుఁ గంద దగ్గఱి చుట్టము. పరిమాణమునఁ జిన్నదే కాని, నిర్మాణమునందును దుర్గంధమునందును సజాతీయమే.

తెలుఁగువారు దీనిని జూడకుండుటకుఁ గారణ మిప్పుడు స్పష్టము. వ్యవసాయదారుఁడు ఆకు పండిన వెంటనే దుంపను ద్రవ్వి యమ్మును. పూయుటకుఁ దగినంత బలిసిన దుంప పూయఁ దగిన కాలము రాకమునుపే కూరయగును. విత్తుగాఁ గోసి నాటిన ముక్కలు ఆకు వేయునే కాని సాధారణముగాఁ బూయవు. మఱచిపోయిన దుంపయో, అడవికందయో మాత్రమే వైశాఖజ్యేష్ఠములలోఁ బూచును. ఆ కాలమునఁ గందచేలు ఖాళీగా నుండును, లేక అప్పుడే నాటఁబడుచుండును.

ఉద్భిజ్జశాస్త్రమునఁ గంద

ఐరోపావారి గ్రంథములలోఁ గందకు విపులమైన స్థానము నిచ్చినది హోర్తుస్ మలబారికుస్. కొచ్చిలో డచ్చివారి యధికారియగు వాన్ రీడ్ కూర్పించిన యీ గ్రంథము 1678 మొదలు 1693 వఱకుఁ బండ్రెండు సంపుటములుగా ఆమ్‌స్టర్‌డామున ముద్రిత మయ్యెను. మొక్కల గుణములఁ జెప్పినవారిలో ఇట్టి అచ్యుతన్ అను కేరళవైద్యుఁడును, రంగభట్టు, వినాయకపండితుఁడు, అప్పుభట్టు అను కొంకణవైద్యులును ముఖ్యులు. 1692లో వెలువడిన పదునొకండవ సంపుటమున చేన, ముళెన్‌చేన అను పేరులతో దీని చిత్రములు గలవు. 1818లో డెన్‌స్టెట్ అను జర్మనుపండితుఁడు ఆ గ్రంథమునకు సూచిక వ్రాయుచు ముళెన్‌చేనకు శాస్త్రనామ మొసఁగెను. పియొనీయను పూమొక్కయొక్క ఆకును బోలిన ఆకు గలదని దాని యర్థము.

ఇంతలోఁ దెలుఁగుదేశమునఁ వేఱొక పరిశీలన జరిగినది. విలియం రాక్స్‌బరో అను స్కాట్లండుదేశపు వైద్యుఁడు 1781 మొదలు 1793 వఱకు సామర్లకోటయందుండి ఉత్తరసర్కారుల మొక్కలను బరీక్షించెను. దేశీయచిత్రకారులచేత వానిబొమ్మలు వ్రాయించెను. వానినుండి యేర్చిన మూఁడువందల చిత్రములు కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన యాతని గ్రంథమునఁ గలవు. 1795లోఁ బ్రారంభమైన యీ గ్రంథముయొక్క తుదిభాగము ఆతఁడు 1815లో మరణించిన పిదప, 1820లో ముగిసెను. ఆ తుదిసంపుటమునఁ గందయు నున్నది. ఆతఁడు దానికిఁ బెట్టిన పేరు కంపానులాటుం, అనఁగా గంటవంటిది. ఇది పువ్వునుబట్టి పెట్టిన పేరు. తెలుఁగువాఁడు దుంపనుబట్టియు, మలబారు చిత్రమును జూచిన పండితుఁడు ఆకునుబట్టియు చూచిన మొక్కను రాక్స్‌బరో పువ్వునుబట్టి చూచెను.

రాక్స్‌బరో పెట్టిన పేరు నూఱేండ్లకుఁ బైగా శాస్త్రగ్రంథములలోను వైద్యగ్రంథములలోను నిలిచెను. కాని శాస్త్రనామములలో ముందు ప్రకటింపఁబడినదే చెల్లవలెనను నియమ మున్నది. దానిననుసరించి 1977లో డాన్ నికల్సన్ అను పండితుఁడు డెన్‌స్టెట్ పేరును బునరుద్ధరించెను. ఇప్పటి శాస్త్రనామము అమోర్ఫోఫాలస్ పియొనీఫోలియస్. ఆకుపేరు నిలిచి పువ్వుపేరు తొలఁగుటకు హేతువు రెండేండ్ల ముందువెనుకలు మాత్రమే. పాతగ్రంథములలోఁ గంపానులాటస్ అనియు, క్రొత్తవానిలోఁ బియొనీఫోలియస్ అనియు నుండుటఁ జూచి, యివి రెండు మొక్కలని భ్రమింపరాదు. అడవియందుఁ బెరుగు గరుకుకాడ గలదానిని, తోఁటలందుఁ బెరుగు నునుపుకాడ గలదానిని సయిత మిప్పుడు ఒకే జాతిలోని భేదములుగా నెంచుచున్నారు.

వైద్యము

అర్శోఘ్నమను పేరే వైద్యులు దీనికిఁ బెట్టిన బిరుదము. పదునొకండవ శతాబ్దివాఁడగు చక్రపాణిదత్తుఁడు దుంపకు మన్ను పూసి, పుటపాకవిధిని నిప్పులలోఁ గాల్చి, నూనెతోను ఉప్పుతోను దినుమని మూలవ్యాధికి విధించెను. సూరణమును ప్రధానద్రవ్యముగాఁ జేసి కట్టు సూరణవటకములు శార్ఙ్గధరసంహితయందుఁ గలవు. భావమిశ్రుఁడు కందశాకములన్నిటిలో సూరణమే శ్రేష్ఠమని నిర్ణయించెను. ఆయనయే దద్రువు, కుష్ఠము, రక్తపిత్తము గలవారికిది హితము గాదనియుఁ జెప్పెను. ఈ నిషేధవాక్యము మొదటివాక్యమంత ప్రసిద్ధికి రాలేదు. కాని వైద్యునకు రెండును సమానముగా నావశ్యకములు. పుటపాకమును, చిరపచనమును విధించుటను బట్టి పచ్చిదుంపయొక్క తీక్ష్ణత్వమును బ్రాచీనులు బాగుగ నెఱింగిరని తేలుచున్నది.

దురద – వంట – సేద్యము

ఆ తీక్ష్ణత్వమునకుఁ గారణము దుంపకణములలో నుండు సూక్ష్మమైన సూదులు. అవి కాల్సియం ఆక్సలేటను లవణముయొక్క స్ఫటికములు. కోయునపుడు చేతులయందును, సరిగా నుడుకనిచో నాలుకయందును గొంతునందును గ్రుచ్చుకొని దురదను బుట్టించును. వంటవారు చేతులకు నూనె రాచికొని కోయుదురు. ముక్కలను చింతపండు పులుసుతోనో, మజ్జిగతోనో ఉడికింతురు. తూర్పుకనుమలలో అడవికందను దినువారును బులుపుతోఁ జాలసేపు ఉడికించి తినుట కలదు. గోదావరీతీరమునఁ గందయు బచ్చలియుఁ గలిపి, పులుపుచేర్చి, ఆవపెట్టి వండిన కూర విందులకు శోభ. కందపులుసు, కందవేపుడు, కందట్టు సామాన్యములు. దుంపలో నూటికి 75 మొదలు 80 పాళ్లవఱకు నీరు. మిగిలినదానిలోఁ బిండిపదార్థమే యెక్కువ.

కందకు లేని దురద కత్తిపీటకేల యని సామెత. కందకు లేదు, చేమకు లేదు, తోఁటకూరకెందుకు దురద యని దాని రూపాంతరము. అన్యుల బాధను దనదిగాఁ బైఁబెట్టికొని హడావిడి చేయువానిని గూర్చి దీనిని వాడుదురు. ఈ రెండవరూపమున మఱియొక విశేష మున్నది. కందను చేమను ఒక జంటగాఁ జేసి, తోఁటకూరను వెలిగా నిలిపిన యీ మాట, శాస్త్రజ్ఞులు పుష్పనిర్మాణమునుబట్టి నిర్ణయించిన కుటుంబవిభాగముతో సరిపోవుచున్నది. పువ్వును జూడనివారు దురదనుబట్టి యా జ్ఞాతిత్వమును గుర్తించిరి.

సేద్యమునకు వదులైన సారవంతపు నేలయు, నీరు నిలువకుండుటయు ముఖ్యము. మొలకభాగము కొంతకొంత వచ్చునట్లు దుంపను గోసి, ముక్కలను బేడనీటిలో ముంచి యాఱఁబెట్టి, గుంటలలో నాటుదురు. ఏడెనిమిది నెలలకు ఆకు పండును. కొబ్బరి, అరఁటి తోఁటలలో నంతరసస్యముగాఁ బెంచుటయుఁ గలదు. జనులు దురదకంద, తియ్యకంద యని భేదము చేయుదురు. తక్కువ దురద గల కొవ్వూరు ప్రాంతపు కందనుండి 1990 ప్రాంతమున వ్యవసాయశాస్త్రజ్ఞు లేర్చి విడుదల చేసిన గజేంద్ర యను రకము వంగ, బిహారాది దేశములకును వ్యాపించినది. ఏనుఁగుపాదమను నాంగ్లనామమునకుఁ దగినట్లే యీ పేరు కుదిరినది.

పోలాల యమావాస్య

శ్రావణబహుళామావాస్యనాఁడు కోస్తాప్రాంతమున సంతానవతులగు స్త్రీలు పోలాంబను గందమొక్కయం దావాహనము చేసి పూజింతురు. పిలకలు గల మొక్కను దెచ్చి నిలిపి, పసుపుకొమ్ము కట్టిన తోరమును దానికిఁ గట్టి, గారెలును పూర్ణపుబూరెలును నివేదించి, బిడ్డల క్షేమమును వేఁడుకొందురు. అదే దినమున తెలంగాణముయొక్క ఉత్తరభాగమునను మహారాష్ట్రమునను ఎద్దులను బూజించుట యాచారము. ఒకచోట సేద్యమునకు సాధనమైన పశువును, ఇంకొకచోట బిడ్డలతోఁ గూడిన కందయును బూజలందుచున్నవి.

సంతానవ్రతమునకుఁ గందను గ్రహించుటలోని యౌచిత్యము మొక్కయొక్క జీవితమునుబట్టి తేటపడును. శ్రావణమున దాని పత్రము నిండుగా విప్పుకొనియుండును. భూమిలో ఆ సమయముననే పాతదుంప తన సారమును గ్రొత్తదుంపకుఁ బిలకలకు నిచ్చుచుండును. తన్ను దా నర్పించి పిల్లలఁ బెంచు తల్లికి ఇంతకంటెఁ దగిన ప్రతిమ దొరకదు. దుర్గంధమును జిమ్ము పువ్వు వేసవిలో వచ్చి వర్షర్తువునకు ముందే పోవుటచేతఁ బూజావేళ దాని ప్రసక్తియే లేదు.

ఫలితార్థము

ఇట్లు ఒక్క మొక్కను నలుగురు నాలుగుకాలములందుఁ జూచిరి. వంటవాఁడును వైద్యుఁడును ఆకు రాలిన పిదప దుంపనుజూచిరి. వ్రతము చేయు తల్లి వర్షాకాలమున ఆకును పిలకలను జూచెను. ఉద్భిజ్జశాస్త్రజ్ఞుఁడు వేసవిలోఁ బువ్వును జూచెను. సామెత చెప్పినవాఁడు కత్తిపీటయొద్ద దురదను జూచెను. వీరిలో నెవ్వరిమాటయు నసత్యము గాదు, ఎవ్వరిమాటయు సమగ్రము గాదు. నిఘంటువులలో ఒక దుంప యని మాత్రము వ్రాసి విడుచుటచేత సూరణమునకును చిలగడదుంపకును, తోఁటకందకును అడవికందకును భేదము పోవును. వైద్యమునందు మందు మాఱును. ఆకు, దుంప, పువ్వు, కాలము, ప్రాంతీయనామము అను నైదును జేర్చి వ్రాసిననే ఓషధినామమునకు సరియైన యర్థ మేర్పడును. కందవలెనే యనేకములైన యోషధుల పేరులు నిఘంటువులలో నేఁటికిని దుంపమాత్రముగాఁ బాఁతుకొనియున్నవి. వానికి ఆకును బువ్వును దెచ్చుపని పండితులదియు, తోఁటవానిని వంటయింటివారిని అడిగి తెలిసికొను విద్యార్థులదియు నైయున్నది.